పరీక్ష ఫీజుల మీద నడుస్తున్న యూనివర్సిటీలు

యూనివర్సిటీకి డబ్బు ఎక్కణ్నుంచి వస్తుందని అడిగితే చాలామంది "గవర్నమెంటు ఇస్తది గదా" అంటారు. ఇస్తుంది. ఎంత ఇస్తుంది, దేనికి ఇస్తుంది, తక్కువ పడ్డది ఎక్కడ పుట్టించుకోవాలి అన్న సంగతి బయటివాళ్లకు తెలియదు. లోపల పాఠాలు చెప్పే ప్రొఫెసర్లలో కూడా చాలామందికి తెలియదు. నేను తెలంగాణలోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో, అకౌంట్స్ బ్రాంచిలో, జూనియర్ అసిస్టెంటుగా చేరి అసిస్టెంట్ రిజిస్ట్రారుగా రిటైరయ్యాను. ఉద్యోగ జీవితమంతా ఆ సంస్థ జమాఖర్చుల మధ్యే గడిచింది. ఆ పద్దుల్లోంచి నాకు బోధపడింది ఒక్కటే. డబ్బు ఎటు నుంచి వస్తే యూనివర్సిటీ మొహం అటే తిరుగుతుంది. పాఠాలకు డబ్బు వస్తే పాఠాలు చెబుతుంది. పరీక్షలకు వస్తే పరీక్షలు పెడుతుంది. మన యూనివర్సిటీలు ఈ రెండో దారిలో చాలా దూరం వెళ్లిపోయాయి.

రాష్ట్ర ప్రభుత్వం ఏటా బడ్జెట్‌లో ఒక్కో యూనివర్సిటీకి ఒక మొత్తం కేటాయిస్తుంది. దాన్ని బ్లాక్ గ్రాంట్ అంటారు. ఏడాది సొమ్ము ఒక్కసారి చేతికి రాదు, విడతలుగా విడుదలవుతుంది. వచ్చింది వచ్చినట్టే జీతాలకూ పెన్షన్లకూ పోతుంది. మా దగ్గర వాటికైనా నిండుగా సరిపోయిన సంవత్సరం నాకు గుర్తు లేదు. నెలలో ఇరవయ్యో తారీఖు దాటిందంటే బ్రాంచిలో అందరిదీ ఒకటే పని. ఒకటో తారీఖుకు ఎంత తక్కువ పడుతుందో లెక్క వేయడం, పరీక్షల ఖాతాలో ఎంతుంది, దూరవిద్య ఖాతాలో ఎంతుంది చూసుకుని అక్కణ్నుంచి సర్దడం. లైబ్రరీ పుస్తకాల బిల్లు, హాస్టల్ స్లాబు మరమ్మతు బిల్లు, కెమిస్ట్రీ ల్యాబు బిల్లు ఆ నెలకు వెనక్కి పోయేవి. "నిధుల లభ్యతను బట్టి" అని నోట్ రాసి ఫైలు పక్కన పెట్టేవాళ్లం.

రసాయనాలు సప్లై చేసే షాపాయన మా సెక్షన్ బయట బెంచీ మీద కూర్చునేవాడు. ఆయనది చిన్న దుకాణం. "మేడం, పాత బిల్లు కొంచెమన్న ఇప్పియ్యుండ్రి, కొత్త సరుకు ఎత్తాలంటే నాకు పైసలు గావాలె గదా" అనేవాడు. ఆయన మాటలో తప్పేముంది? సరుకు ఆగితే ల్యాబులో ఏమవుతుందో డిపార్ట్‌మెంటుకు వెళ్లి చూస్తేగాని నాకు తెలియలేదు. ఎవరి ప్రయోగం వాళ్లు చేసుకోవలసిన ఎమ్మెస్సీ పిల్లలు ఒక్క బ్యూరెట్ చుట్టూ గుంపుగా నిలబడ్డారు. ఒకరు చేస్తుంటే మిగతావాళ్లు రికార్డు రాసుకుంటున్నారు. పరీక్షల్లో అందరికీ మార్కులు వస్తాయి. చేతికి పని మాత్రం ఒక్కరికే వస్తుంది. ఆ ఏడాది మా ఆడిట్ రిపోర్టులో ఈ నష్టం ఏ పద్దు కిందా కనబడలేదు.

పెన్షన్ల సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ముడి పడింది అక్కడే. 1918లో ఉస్మానియా, 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం, 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1976లో కాకతీయ, నాగార్జున, 1981లో శ్రీ కృష్ణదేవరాయ మొదలయ్యాయి. 1970ల్లో, 80ల్లో పెద్ద ఎత్తున నియామకాలు జరిగాయి. అప్పుడు చేరినవాళ్లంతా 2000 తర్వాత వరసగా రిటైరయ్యారు. 2004 సెప్టెంబరు 1కి ముందు చేరిన ఉద్యోగులందరికీ పాత పద్ధతి పెన్షనే. అదే సమయంలో వాళ్ల స్థానాల్లో కొత్తవాళ్లను తీసుకోవడం నిలిచిపోయింది. దాంతో పాత యూనివర్సిటీలలో పనిచేసేవాళ్ల కన్నా పెన్షనర్లు ఎక్కువయ్యారు. నేను సర్వీసులో ఉండగా ఎనభై ఏళ్లు దాటిన ఒక ప్రొఫెసర్ ప్రతి నెలాఖరుకూ ఫోన్ చేసేవారు. "ఏమమ్మా, ఈ నెల పడ్తదా?" అని ఒక్క మాట. ఆయన క్లాసులో కూర్చుని చదువుకున్నవాళ్లు కలెక్టర్లయ్యారు. ఆయనకేమో మందులకు ఆ డబ్బే ఆధారం.

ఇప్పుడు నా పెన్షనూ ఆ కుండలోంచే వస్తోంది. పెన్షన్ ఇవ్వడం తప్పని ఎవరూ అనరు, నేనూ అనను. అది ముప్పై ఏళ్ల కష్టానికి రాష్ట్రం చెల్లించవలసిన బాకీ. ఆ బాకీని ఈ ఏడాది డిగ్రీ చదివే పిల్లవాడి పరీక్ష ఫీజులోంచి తీర్చడమే అన్యాయం. జరుగుతున్నది అదే. ప్రభుత్వ ఉద్యోగుల పెన్షన్ ట్రెజరీ చూసుకుంటుంది. యూనివర్సిటీ ఉద్యోగుల పెన్షన్‌లో గ్రాంటు పోను తక్కువ పడ్డది యూనివర్సిటీ వెతుక్కోవాలి.

ఖాళీలు నింపకపోవడానికి కూడా డబ్బే కారణం, పైకి చెప్పేవి వేరే ఎన్ని ఉన్నా. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) వేతనాలు సవరించినప్పుడల్లా అదనపు భారంలో కొంత కేంద్రం కొద్దికాలం భరిస్తుంది. ఆరో వేతన సవరణకు 80 శాతం చొప్పున 2010 మార్చి దాకా ఇచ్చింది. ఏడో సవరణకు 50 శాతమే, అదీ 2019 మార్చి దాకా. ఆ తర్వాత బరువంతా రాష్ట్రానిదే. అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం నెలకు 57,700 రూపాయలతో మొదలవుతుంది, డీఏ, ఇంటి అద్దె అదనం. కాంట్రాక్ట్ మీద, గంటల లెక్కన పార్ట్‌టైమ్ మీద తీసుకుంటే చాలా తక్కువలో పని జరిగిపోతుంది. అందుకని రెగ్యులర్ పోస్టు ఫైలు కదలదు. 2022లో తెలంగాణ శాసనసభ యూనివర్సిటీల ఉమ్మడి నియామక బోర్డు బిల్లు ఆమోదించింది, అది గవర్నరు దగ్గర ఆగి రాష్ట్రపతి దాకా వెళ్లింది. 2025లో తెలంగాణ ప్రభుత్వం యూనివర్సిటీ అధ్యాపకుల పదవీ విరమణ వయసును 60 నుంచి 65కు పెంచింది. ఉన్నవాళ్లు కూడా వెళ్లిపోతే డిపార్ట్‌మెంట్లకు తాళాలే అన్న పరిస్థితి వచ్చాకే ఆ పని జరిగింది.

ఒక్క రెగ్యులర్ ప్రొఫెసర్ మిగిలిన డిపార్ట్‌మెంటు ఎట్లా ఉంటుందో ఊహించండి. హెడ్డు ఆయనే, బోర్డ్ ఆఫ్ స్టడీస్ చైర్మన్ ఆయనే, హాస్టల్ వార్డెన్ ఆయనే, పరీక్షల పరిశీలకుడూ ఆయనే. పాఠాలు కాంట్రాక్ట్ లెక్చరర్లు చెబుతారు. వాళ్లలో నెట్, సెట్ పాసై పీహెచ్‌డీ చేసి, తల నెరిసేదాకా ఏటా రెన్యువల్ ఆర్డర్ కోసం ఎదురు చూసేవాళ్లు ఎందరో. మా ఆఫీసుకు వచ్చి "మేడం, ఆర్డర్ వచ్చిందా" అని అడిగేటప్పుడు వాళ్లు పడే ఇబ్బంది నాకు తెలుసు. యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీకి గైడ్‌గా ఉండాలంటే శాశ్వత అధ్యాపకుడై ఉండాలి. కాబట్టి వాళ్లకు ఎంత చదువున్నా పరిశోధన చేయించే వీలు లేదు. గైడ్లు లేక పీహెచ్‌డీ సీట్లు తగ్గాయి. అధ్యాపకులు, పరిశోధన లేకపోతే యూనివర్సిటీల నాణ్యతను కొలిచే న్యాక్ ఇచ్చే గ్రేడు పడిపోతుంది. గ్రేడు పడిపోతే దూరవిద్యకు దెబ్బ, ఎందుకంటే 2020 నిబంధనల్లో యూజీసీ దూరవిద్యకు న్యాక్ స్కోరు 3.01 ఉండాలని పెట్టింది. దూరవిద్య పోతే జీతాలకు సర్దే ఖాతా ఎండిపోతుంది. అప్పుడు పోస్టులు నింపే మాట మరింత దూరమవుతుంది. ఈ చుట్టంతా మొదలయ్యేది నింపని ఒక్క ఖాళీ దగ్గర.

"సొంత ఆదాయం పెంచుకోండి" అన్న మాట కొత్తది కాదు. ఆర్థిక సంస్కరణలు మొదలైన రోజుల్లో, 1992-93లో, యూజీసీ నియమించిన జస్టిస్ కె. పున్నయ్య కమిటీ యూనివర్సిటీలు తమ ఖర్చులో 15 శాతాన్ని అయిదేళ్లలో, 25 శాతాన్ని పదేళ్లలో తామే సమకూర్చుకోవాలని సిఫారసు చేసింది. ప్రభుత్వం తన బాధ్యత తప్పుకోవాలని ఆ కమిటీ ఉద్దేశం కాదు. కానీ ఆచరణకు వచ్చేసరికి సొంత ఆదాయం అన్న భాగమే మిగిలింది. సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సులు వచ్చాయి. అనుబంధ కాలేజీల నుంచి అఫిలియేషన్ ఫీజులు, తనిఖీ ఫీజులు వచ్చాయి. అన్నిటికన్నా నమ్మకంగా వచ్చేది మాత్రం పరీక్ష ఫీజే. సెమిస్టర్ పద్ధతి వచ్చాక అది ఏడాదికి రెండుసార్లయింది.

నా మనసుకు ఎక్కువ కష్టం కలిగించిన పద్దు అందులోనే ఉంది. సప్లిమెంటరీ ఫీజులు, రీవాల్యుయేషన్ ఫీజులు. తప్పిన పిల్లలు మళ్లీ కట్టే డబ్బు. బ్యాక్‌లాగులు ఎక్కువున్న ఏడాది మా బ్రాంచికి జీతాల సర్దుబాటు తేలికయ్యేది. ఎవరూ కావాలని పిల్లల్ని తప్పించరు, ఆ అనుమానం ఎవరికీ వద్దు. కానీ పిల్లలు తప్పడం వల్ల నిలబడే సంస్థకు, వాళ్లు ఎందుకు తప్పుతున్నారని కూర్చుని ఆలోచించే తీరిక ఉండదు. ఇంగ్లీషు పేపరు నాలుగోసారి కడుతున్న అబ్బాయిలు చలానా పట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడేవాళ్లు. ఆ డబ్బుతో ఆ పేపరుకే ఒక మంచి లెక్చరర్‌ను పెట్టే అధికారం నాకుంటే బాగుండునని ప్రతిసారీ అనిపించేది.

మరి ప్రభుత్వం ఉన్నత విద్యకు ఖర్చు చేయడం లేదా అంటే, చేస్తోంది. ఆ ఖర్చు దారి మారింది, ప్రైవేటు కాలేజీల వైపు. 1993లో ఉన్నికృష్ణన్ కేసులో, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ప్రతివాదిగా ఉన్న కేసది, సుప్రీంకోర్టు ప్రైవేటు వృత్తివిద్యా కాలేజీల్లో ఫ్రీ సీట్లు, పేమెంట్ సీట్లు అని విభజించింది. 2002లో టీఎంఏ పై ఫౌండేషన్ తీర్పు ఆ పద్ధతిని తీసేసింది. తర్వాత వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ విస్తరించింది. ఆ పథకం ఎన్ని ఇళ్లలో మొదటి ఇంజినీరును తయారు చేసిందో తెలుగువాళ్లకు ఎవరూ చెప్పనక్కర్లేదు. నా తోడబుట్టినవాళ్ల పిల్లలు కూడా దాని మీదే చదివారు. అయితే ఆ డబ్బులో ఎక్కువ భాగం పిల్లవాడి వెంట ప్రైవేటు కాలేజీకి వెళుతుంది. అట్లా వెళ్లినదాంట్లోంచి యూనివర్సిటీ లైబ్రరీకి, ల్యాబుకు రూపాయి రాదు. ప్రభుత్వం ఏటా వేల కోట్లు ఉన్నత విద్య పేరున లెక్క చూపిస్తుంది, దాని సొంత విశ్వవిద్యాలయం మాత్రం రసాయనాల బిల్లు కట్టలేకపోతుంది.

పైగా ఆ రీయింబర్స్‌మెంటైనా వేళకు రాదు. 2025లో తెలంగాణ ప్రైవేటు కాలేజీల యాజమాన్యాలు బకాయిల కోసం కాలేజీలు మూసి నిరసన తెలిపాయి. మధ్యలో నలిగేది పిల్లలే, ఫీజు కడితేగాని సర్టిఫికెట్లు ఇవ్వమంటారు. మా యూనివర్సిటీ సెల్ఫ్ ఫైనాన్స్ కోర్సుల్లో కూడా సగానికి సగం పిల్లలు రీయింబర్స్‌మెంట్ మీద వచ్చేవాళ్లే కాబట్టి, మేము "సొంత ఆదాయం" అని రాసుకున్నదాంట్లో పెద్ద భాగం కూడా ప్రభుత్వం నుంచి రావలసిన బాకీయే. కాగితం మీద ఆదాయం, బ్యాంకులో సున్నా.

ఇక్కడ మరో సంగతి చెప్పకుండా ఉండలేను. ఈ కొరత వచ్చిన కాలంలో క్యాంపస్‌లో ఎవరు చదువుతున్నారో చూడండి. నేను చేరిన కొత్తలో పీజీ క్లాసుల్లో మగపిల్లలే ఎక్కువ, డాక్టర్ల పిల్లలు, ఆఫీసర్ల పిల్లలు కూడా వచ్చేవాళ్లు. ఇప్పుడు తెలంగాణ పీజీ ప్రవేశ పరీక్షలో అర్హత సాధించేవాళ్లలో అమ్మాయిలే ఎక్కువ. బీడీలు చుట్టే తల్లుల బిడ్డలు, కూలికి పోయే ఇళ్ల నుంచి, తండాల నుంచి వచ్చినవాళ్లు. కలిగినవాళ్లు ప్రైవేటు యూనివర్సిటీలకు, అమెరికాకు, బ్రిటన్‌కు వెళ్లిపోయారు. మాట చెల్లేవాళ్ల పిల్లలు వెళ్లిపోయిన బడిని పట్టించుకునేవాళ్లు తగ్గుతారని పల్లెల్లో సర్కారు బడుల విషయంలో చూశాం. యూనివర్సిటీకీ అదే జరిగింది. సరిగ్గా ఈ అమ్మాయిలు గేటు లోపలికి వచ్చే వేళకు లోపల లైట్లు తగ్గించడం నాకు సహించరాని విషయం.

అచ్చంపేట వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి మెస్ బకాయి కట్టక, నో డ్యూస్ సర్టిఫికెట్ రాక మా సెక్షన్‌కు వచ్చింది. "స్కాలర్‌షిప్ పడలే మేడం, పడంగనే కడ్త" అంది. తల్లిదండ్రులు వలస కూలీలు. ఊళ్లో ఆమె వయసు ఆడపిల్లలందరికీ అప్పటికే పెళ్లిళ్లయ్యాయి. హాస్టల్లో సీటు ఉన్నందుకే తన పెళ్లి రెండేళ్లు వాయిదా పడిందని ఆమే చెప్పింది. తర్వాత గురుకులంలో టీచరుగా చేరింది. ఆమె జీతం ఎంతో లెక్క వేసి ఈ చదువు గిట్టుబాటైందా లేదా అని తేల్చవచ్చు. చాలామంది అట్లాగే తేలుస్తున్నారు, "ప్యాకేజీ ఎంత" అన్న ఒక్క ప్రశ్నతో. ఆ రెండేళ్లు ఆమె ఎవరి ఇంటి పనీ చేయకుండా, అర్ధరాత్రి దాకా రీడింగ్ రూములో కూర్చుని చదువుకుంది. తన పేరున తాను నిర్ణయం తీసుకునే మనిషిగా బయటికి వచ్చింది. ఆ విలువను ప్యాకేజీలోకి మార్చే పద్ధతి ఏ అకౌంటెంటుకూ తెలియదు.

సమాజానికి వచ్చేదీ అంతే, జీతాల్లో కనబడదు. భద్రిరాజు కృష్ణమూర్తి 1962లో ఉస్మానియాలో భాషాశాస్త్ర శాఖకు అధిపతిగా వచ్చారు. ఆయన ఆధ్వర్యంలో తయారైన మాండలిక వృత్తి పదకోశం జిల్లా జిల్లా తిరిగి రైతుల నోటి మాటలు ఏరి కూర్చిన పని. ఆ తర్వాత చేనేత మాటలకూ ఒక సంపుటం వచ్చింది. ఇట్లాంటి పనికి ఏ కంపెనీ డబ్బు పెడుతుంది? బేగంపేటలో ఉస్మానియా వాళ్ల జన్యుశాస్త్ర సంస్థ, జన్యు వ్యాధుల ఆసుపత్రి ఉంది, ఓ.ఎస్. రెడ్డి దాన్ని నిలబెట్టారు. మేనరికాలు ఎక్కువున్న మన సమాజంలో అటువంటి చోటు ఎంత అవసరమో బిడ్డల్ని పోగొట్టుకున్న తల్లులకు తెలుసు. హైదరాబాదుకు దగ్గర్లో జపాల్-రంగాపూర్ దగ్గర ఉస్మానియా 48 అంగుళాల టెలిస్కోపు పెట్టింది. ఆ రోజుల్లో దేశంలో పెద్ద టెలిస్కోపుల్లో అదొకటి. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కణ్నుంచి పరిశీలించారు. నగరం వెలుతురు అక్కడి దాకా పాకింది, నిర్వహణకు డబ్బూ మనుషులూ కరువయ్యారు, టెలిస్కోపు మూలపడింది. దాన్ని కట్టిన తరం మనకన్నా పేదది.

ఆ మాట ఊరికే అనడం లేదు. 1926లో బెజవాడలో మొదలై తర్వాత వాల్తేరుకు మారిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. అక్కడి సైన్స్ అండ్ టెక్నాలజీ కాలేజీ ఆయన పేరునే ఉంది. కట్టమంచి రామలింగారెడ్డి, ఆ తర్వాత సర్వేపల్లి రాధాకృష్ణన్ వైస్ ఛాన్సలర్లుగా ఆ డబ్బును అధ్యాపకుల మీద, ల్యాబుల మీద పెట్టారు. తిరుపతిలో దేవస్థానం భూమి ఇచ్చి ఆదుకుంది. దాతల మీద ఆధారపడమని నేను చెప్పడం లేదు, ఇప్పటి ఖర్చుకు ఏ దాతా చాలడు. అప్పట్లో ఇచ్చినవాళ్లు బోధనకు ఇచ్చారన్నదే నేను గమనించమనేది.

మన డబ్బు ఎక్కడికి పోతోందో కూడా చూడాలి. బ్రిటన్‌లో, ముఖ్యంగా ఇంగ్లండ్‌లో, స్థానిక విద్యార్థుల ఫీజును ప్రభుత్వం 2017లో 9,250 పౌండ్ల దగ్గర ఆపేసి చాలా ఏళ్లు అట్లాగే ఉంచింది. ధరలు పెరిగాయి, లోటు పూడ్చుకోవడానికి అక్కడి యూనివర్సిటీలు ఎక్కువ ఫీజు కట్టే విదేశీ విద్యార్థుల మీద ఆధారపడ్డాయి. 2024 జనవరి నుంచి మాస్టర్స్ చేసేవాళ్లు కుటుంబాన్ని వెంట తెచ్చుకోకుండా నియమం పెట్టాక ఆ రాబడి తగ్గింది. 2025 జనవరిలో కార్డిఫ్ యూనివర్సిటీ 400 ఉద్యోగాలు తగ్గిస్తామని ప్రకటించింది. అంటే నల్లగొండలోనో గుంటూరులోనో పొలం కుదువపెట్టి తెచ్చిన సొమ్ము ఒక పరాయి దేశపు డిపార్ట్‌మెంటును నిలబెట్టే స్థితికి వచ్చింది. పిల్లల్ని పంపవద్దని అనను. ఆ తండ్రులు అంత అప్పు చేయడానికి ఒక కారణం, దగ్గర్లో ఉన్న యూనివర్సిటీ మీద నమ్మకం పోవడం.

చేయవలసింది పెద్ద రహస్యమేమీ కాదు. 1964-66 నాటి కొఠారి కమిషన్ దేశాదాయంలో 6 శాతం విద్యకు పెట్టమంది, 2020 జాతీయ విద్యావిధానం మళ్లీ అదే చెప్పింది. అంత దూరం వెళ్లేలోపు రెండు పనులు చేయవచ్చు. పెన్షన్లను బ్లాక్ గ్రాంటు నుంచి విడదీసి నేరుగా ట్రెజరీ నుంచి ఇవ్వాలి. మంజూరైన పోస్టులు విడతలవారీగానైనా నింపాలి. ఈ రెండూ జరిగితే పరీక్షల సొమ్ము పరీక్షలకూ, మిగిలింది పుస్తకాలకూ ల్యాబులకూ పోతుంది. కొత్త పేర్లతో కొత్త యూనివర్సిటీలు ప్రకటించడం దాని తర్వాతి మాట.

చదివేవాళ్లు, వాళ్ల అమ్మానాన్నలు కూడా ఒక పని చేయవచ్చు. యూనివర్సిటీ బడ్జెట్ రహస్య పత్రం కాదు. 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల రుసుముతో యూనివర్సిటీ పౌర సమాచార అధికారికి దరఖాస్తు పెట్టండి. మీ బిడ్డ చదివే డిపార్ట్‌మెంటుకు మంజూరైన పోస్టులెన్ని, రెగ్యులర్‌గా పనిచేస్తున్నవాళ్లెందరు అని అడగండి. గత మూడేళ్లలో బ్లాక్ గ్రాంటు ఎంత వచ్చింది, అందులో పెన్షన్లకు ఎంత పోయింది అని అడగండి. పరీక్ష, సప్లిమెంటరీ, రీవాల్యుయేషన్ ఫీజుల కింద వసూలైంది ఎంత, లైబ్రరీకి కొన్న పుస్తకాల మీద ఖర్చయింది ఎంత, ఈ రెండు అంకెలూ విడివిడిగా ఇమ్మనండి. ముప్పై రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ తర్వాతి ముప్పై రోజుల్లో అక్కడే పై అధికారికి మొదటి అప్పీలు వేయవచ్చు, దానికి లాయరు అక్కర్లేదు. ఈ వివరాలు అకౌంట్స్ బ్రాంచిలో సిద్ధంగానే ఉంటాయి. బడ్జెట్ అంచనాల కోసం ప్రతి ఏడాదీ వాటిని తయారు చేస్తారు.